బొట్టు పెట్టని రెండు మెట్లు

కార్డిఫ్‌లో నన్ను ఎరిగిన తెలుగువాళ్ళు నేను చెప్పినదాంట్లో సగం తీసేస్తారు. మిగిలిన సగాన్ని మా ఇంటావిడను అడిగి నిర్ధారించుకుంటారు. అందుకు నాకేమీ బాధ లేదు. ఇక్కడి సీగల్ పక్షులు మన మిరపకాయ బజ్జీకీ వాళ్ళ చిప్స్‌కీ తేడా కనిపెట్టి బజ్జీనే ఎత్తుకుపోతాయనీ, కారం దిగడానికి మా పక్కింటి తోటలో నీళ్ళ తొట్టి దగ్గర క్యూ కడతాయనీ ఒకసారి విందులో చెప్పాను. బజ్జీ సంగతి ఎవరూ నమ్మలేదు. క్యూ సంగతి మాత్రం అందరూ నమ్మారు. ఈ దేశంలో ఏదైనా క్యూ కట్టిందంటే కాదనేవాళ్ళు ఉండరు.

ఇలాంటివి చెప్పి ఇన్నేళ్ళూ హాయిగా బతికాను. ఒక్క అబద్ధం మాత్రం నాచేత మెట్లెక్కించింది.

మా అక్కా బావా రెడింగ్ అనే ఊళ్ళో ఉంటారు. బావ మా మేనత్త కొడుకే. నిక్కర్లు వేసుకున్న నాటి నుంచీ ఎరిగినవాడు. కంప్యూటర్ కాంట్రాక్టరుగా ఆరు నెలలు ఒక ఊళ్ళో, ఏడాది ఇంకో ఊళ్ళో పనిచేశాడు. పొద్దున్నే రైలు అందుకోవడానికి స్టేషన్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కే మనిషి. నేను చెబుతున్నది రెండు వేల పదమూడు మే నెల సంగతి. దానికి ముందు శరత్కాలంలో ఆయన గుండెకి బైపాస్ చేశారు. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు మానాయి. నడవమని ఆసుపత్రిలో చెప్పారు. నెమ్మదిగా మొదలుపెట్టి గుట్టలైనా ఎక్కవచ్చని వాళ్ళ డాక్టరూ చెప్పాడు. ఇంటికి వచ్చిన నర్సయితే కాగితం మీద బొమ్మలు గీసి మరీ చెప్పింది. బావ ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఫ్రిజ్‌కి అంటించి, ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఏడు నెలలు అలాగే కూర్చున్నాడు.

భయమన్న మాట ఆయనా అనలేదు, మేమూ అనలేదు. ఒక్కసారి మాత్రం ఫోన్లో నాతో అన్నాడు.

"కూర్చుంటే అది కొట్టుకుంటన్నట్టు తెలీదు బావా. లేచి నాలుగడుగులేస్తే చెవుల్లో వినపడుద్ది. వినపడితే లెక్కపెడతా. లెక్కపెడితే ఒకటి తప్పినట్టు ఉంటది."

ఆ మాట మీదనే ఫోన్ అక్కకి ఇచ్చేశాడు.

ఆయన కుర్చీకి అతుక్కుపోతే అక్క ఆ కుర్చీకి అతుక్కుపోయింది. ఉద్యోగానికి సెలవు పెట్టింది. వంటిల్లు, మందుల డబ్బా, కిటికీ, అంతే లోకం. ఆపరేషన్ రోజున ఆసుపత్రి కారిడార్లో ఒక మొక్కు మొక్కుకుంది. బావ మామూలు మనిషైతే తిరుమల మెట్ల దారిన నడిచి, మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టి కొండెక్కుతానని. ఇప్పుడు చిక్కేమిటంటే, ఆయన లేచి తిరిగితే తప్ప తను వదిలి వెళ్ళలేదు. తను మొక్కు తీర్చకపోబట్టే ఆయన లేవడం లేదేమోనని ఇంకో పక్క అనుమానం. ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి ఈ రెండు మాటలూ అటోసారి ఇటోసారి తిప్పి చెప్పేది.

అలాంటి ఒక ఆదివారమే నా నోరు జారింది.

మా వీధి డాక్టరు క్లినిక్‌లో వెయిటింగ్ రూమ్ గోడ మీద ఒక పోస్టరు ఉండేది. వై నది పెద్ద మలుపు తిరుగుతూ ఉంటుంది. దాని మీద నిటారుగా ఒక కొండ అంచు, ఒడ్డు వాలులో దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్షతోట వరసలు. కింద చిన్న అక్షరాల్లో, అంచు మీదికి మూడు వందల అరవై అయిదు మెట్లు అని రాసి ఉండేది. బీపీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆ మెట్లను చూసి, కూర్చున్న చోటే ఆయాసపడేవాణ్ణి.

"అక్కా, నీకు తిరుమల దాకా ఎందుకు. మాకిక్కడ మొక్కుబడి మెట్లున్నయ్యి," అన్నాను. "మూడు వందల అరవై అయిదు. ఏడాదిలో రోజుకొకటి."

"ఏ దేవుడు రా?"

అక్కడ ఒక్క క్షణం తడబడ్డాను. "పేరు ఇక్కడోళ్ళకి తెలీదక్కా. కొండ అంచున పెద్ద రాయి. మనవాళ్ళంతా వ్యాన్లు మాట్లాడుకుని పోతారు. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడతారు, పైన కొబ్బరికాయ కొడతారు. నేనే నాలుగుసార్లు ఎక్కా."

"నువ్వు ఎక్కావా? ఫ్లాట్లో ఉన్నప్పుడు లిఫ్టు చెడిపోతే బాగయ్యేదాకా కింది అంతస్తోళ్ళింట్లో కూర్చునేవాడివి."

"మొక్కు వేరు, కూరగాయల సంచి వేరు అక్కా."

అక్క క్యాలెండరు తిప్పిన చప్పుడు వినిపించింది. తరవాత, "సరే, సోమవారం బ్యాంక్ హాలిడే సెలవేగా, వస్తాం," అంది.

చిన్నప్పటి నుంచీ నేను ఏం చెప్పినా "ఒట్టు పెట్టు" అనే మనిషి ఆమె. ఒట్టు పెడితే నేను అబద్ధం చెప్పనని తనకు తెలుసు. ఆ రోజు ఒట్టు అడగలేదు. అప్పుడే నాకు భయం వేయాల్సింది. నేనేమో, పోనీలే, ఈ వంకతోనైనా ఇద్దరూ ఇంట్లోంచి కదులుతారని సంబరపడ్డాను.

అక్క కారు నడుపుకుంటూ బావను తీసుకొచ్చింది. సోమవారం మా ఇంటావిడకు ఆసుపత్రిలో డ్యూటీ, మార్చుకోవడం కుదరలేదు. అంటే నా మాటలు సరిచూసుకోవడానికి ఇంట్లో ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

చెప్‌స్టో ఊరు దాటాక రోడ్డు పక్కన మెట్ల బోర్డు కనిపిస్తే, చాలాసార్లు వచ్చినవాడిలా ధీమాగా "ఇక్కడే, ఇక్కడే" అని కింది కార్ పార్కులో ఆపించాను. బావ ముందు సీట్లో బెల్టు కూడా తీయలేదు. ఒళ్ళో పులిహోర డబ్బా, ఫ్లాస్కు, పేపరు.

"నేను ఈడనే ఉంటాలే. మీరు పోయిరండి," అన్నాడు.

"కాసేపు చెట్ల కింద నడవండి, గాలి బాగుంది," అంది అక్క.

"అద్దం దించుకుంటా. అదే గాలి."

అక్క చీర మీద వానకోటు వేసుకుని, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు బిగించుకుంది. ఖాళీ పెరుగు కప్పుల్లో ఒకదాన్నిండా నీళ్ళతో కలిపిన పసుపు, ఒకదాన్నిండా కుంకుమ. సూపర్ మార్కెట్ సంచిలో కొబ్బరికాయ. కప్పులు పట్టుకునే పని నాది. మొదటి మెట్టు దగ్గర చెప్పులు విప్పినట్టే బూట్లు విప్పబోయింది. ఇక్కడ ఆ ఆచారం లేదని మరో అబద్ధం ఆడి ఆపాను. అన్నిటిలోకీ పనికొచ్చిన అబద్ధం అదొక్కటే.

వంగడం, మెట్టు అంచున వేలితో పసుపు రాయడం, దాని మీద కుంకుమ చుక్క పెట్టడం, నడుం పట్టుకుని లేవడం, పై మెట్టుకి వెళ్ళడం. అడవి నిండా వెల్లుల్లి వాసన. ఇక్కడ మే నెలలో చెట్ల కింద అడవి వెల్లుల్లి విరగబూస్తుంది. "ఎవరో పోపు పెడతన్నట్టుంది," అంది అక్క. చాలా రోజులకి నవ్వు మొహం చూశాను. ముప్పయ్యో మెట్టుకే నాకు ఊపిరి అందలేదు.

"నాలుగుసార్లు ఎక్కినోడివి, అట్టా రొప్పుతున్నావేందిరా?"

"అయిదోసారి కష్టంగా ఉండిద్దక్కా."

వెనక నుంచి ఇద్దరు కుర్రాళ్ళు మ్యాపు పట్టుకుని వచ్చారు. మమ్మల్ని ఇక్కడి మున్సిపాలిటీ, అదే కౌన్సిల్, మనుషులనుకుని, కొత్త దారి గుర్తులు చాలా స్పష్టంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. కౌన్సిల్ తరఫున అక్క వాళ్ళకి థాంక్యూ చెప్పింది.

ఆ తరవాత కాసేపటికి, ఒక ఎత్తు మెట్టు మీదికి కాలు పెట్టి వంగబోయేసరికి అక్క మోకాలు మడత పడింది. పక్కకి ఒరిగిపోతే రెక్క పట్టుకున్నాను. పసుపు కప్పు నా చొక్కా మీదా, పక్కన రాతి మీదా సగం ఒలికింది. అక్క ఆ మెట్టు మీదే కూలబడి, కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ ఉండిపోయింది. ఏడుపు ఆపుకునేటప్పుడు చిన్నప్పుడూ అలాగే చేసేది.

చెప్పేద్దామనుకున్నాను. "అక్కా, ఇక దిగిపోదాం," అన్నాను. మొదలుపెట్టడానికి అదొక్కటే మాట దొరికింది.

"దిగిపోతే ఆయన కుర్చీలోంచి ఎట్టా లేస్తాడు రా?"

కళ్ళు తెరవకుండానే అంది. తరవాత మెట్ల పక్కనున్న ఇనప కమ్మీ పట్టుకుని లేచి, పై మెట్టు మీద వంగింది. నేను కప్పులు పట్టుకుని వెనకే ఎక్కాను.

కొంతసేపటికి చెట్ల సందుల్లోంచి నదీ, ద్రాక్షతోటా కనిపించాయి. నొప్పి మరిపిద్దామని కథ ఎత్తుకున్నాను. "ఆ తోట చూశావా, ఇక్కడ ఎండ చాలక ద్రాక్ష గుత్తులకి ఉన్ని మేజోళ్ళు తొడుగుతారు. ఊళ్ళో ముసలమ్మలు చలికాలమంతా కూర్చుని అల్లుతారు. సైజు తప్పితే వైను పులిసిపోయిద్ది."

"వైను పులిస్తేనేగా వైనయ్యేది," అంది అక్క, వంగిన చోటు నుంచే.

సగం దాటాక ఒక మెట్టు మీద అడ్డంగా ఒక ముసలి తెల్లకుక్క కూర్చుని ఉంది. పై మెట్టు మీద దాని యజమానులు, డెబ్బై దాటిన భార్యాభర్తలు, దిగుతూ అలసట తీర్చుకుంటున్నారు. వాళ్ళు పిలిచినా కుక్క లేవలేదు. అక్క వేలికి పసుపు అద్దుకుని నిలబడింది. కుక్క ఆమెను చూసింది, ఆమె కుక్కను చూసింది. చివరికి మెట్టుకి పెట్టాల్సిన బొట్టు కుక్క నుదుట పెట్టేసింది. కుక్క కళ్ళు మూసుకుని పెట్టించుకుంది. ఈ భాగం ఎవరికి చెప్పినా నమ్మరు. దీంట్లో నేను కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు.

ఇదంతా దేనికని ఆ ముసలావిడ అడిగింది. అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. మా ఆయన కింద కార్లో ఉన్నాడు, గుండె ఆపరేషన్ అయింది, లేచి నడవాలని ఇది చేస్తున్నాను అని. ఆవిడ అక్క భుజం మీద చేయి వేసి కాసేపు ఉంచింది. తరవాత ముగ్గురూ కిందికి దిగిపోయారు, కుక్క ముందు, బొట్టుతో.

మేము పైకి చేరేసరికి గంటన్నర దాటింది. అంచు దగ్గర ఒక పెద్ద రాయి, కొయ్య కమ్మీ, ఒక బెంచీ. కింద ఆకుపచ్చ చెట్ల మధ్య నది వంపు తిరిగి, దూరంగా వెలుతురులో కలిసిపోతోంది. పోస్టరులో కన్నా పెద్దగా ఉంది. నేను దాని వైపే చూస్తున్నాను. అక్క ఇంకో వైపు చూస్తోంది. ఆ వైపు నుంచి, చదునైన కాలిబాట మీద, ఒకమ్మాయి చంటిపాపను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని తాపీగా వస్తోంది.

"ఏరా, పైకి కారు దారి ఉందా?"

వెనక పైన ఇంకో కార్ పార్కు ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

"నాలుగుసార్లు వచ్చానంటివే," అంది అక్క. కొబ్బరికాయ సంచి పట్టుకుని రాయి చుట్టూ చూసింది. రాతి మీద కర్పూరం మసి లేదు. ఒక్క కొబ్బరి పీచు లేదు. ఎవరూ ఎప్పుడూ ఏదీ కొట్టిన గుర్తు లేదు. "మనవాళ్ళు కాయ యాడ కొడతారు?"

"ఎవరూ రారక్కా," అన్నాను. "నేనూ ఎప్పుడూ రాలేదు. డాక్టరు దగ్గర గోడ మీద బొమ్మ చూశా."

తిడుతుందనుకున్నాను. నీ సంగతి నాకు తెలీదా అంటుందని కూడా ఆశపడ్డాను. అదీ అనలేదు. నా మాట నిజంగానే నమ్మి ఎక్కింది. బెంచీ మీద కూర్చుని పసుపు వేళ్ళు చూసుకుంది.

"అయితే ఇప్పటిదాకా ఇన్ని బొట్లు ఎవరికి పెట్టాను రా?"

ఎప్పుడు కావాలంటే అప్పుడు నా నోట్లో ఒక కథ ఉంటుంది. ఆ పూట లేదు. ఆమె పక్కన కూర్చున్నాను. తోపుడు బండి వచ్చింది, వెళ్ళింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

మెట్ల దారిలోంచి ఎవరో పైకి వస్తున్న చప్పుడైంది. ఒక అడుగు, కాస్త ఆగడం, మళ్ళీ ఒక అడుగు. దాంతోపాటు సన్నగా అంకెలు చదువుతున్న గొంతు. "మూడు వందల అరవై రెండు... మూడు వందల అరవై మూడు..."

పైమెట్టు మీద బావ తల కనిపించింది.

అక్క అరవలేదు. లేచి వెళ్ళి ఆయన చేయి పట్టుకుని నాడి చూసింది, నర్సు నేర్పినట్టు. ఆయన్ని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, కొంగుతో మొహం తుడిచింది. అప్పుడు అడిగింది.

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?"

"కుక్క," అన్నాడు బావ.

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. మేమిద్దరం ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"పేపరు చదువుకుంటన్నా. తల ఎత్తితే, తెల్లకుక్క. నుదుట పసుపు, కుంకుమ. ఇది కచ్చితంగా మా ఇంటి పనే అనుకున్నా. ఆ పెద్దావిడ అద్దం తట్టింది. మీ ఆవిడ అక్కడ ప్రతి మెట్టు దగ్గరా వంగుతోంది, ఆమెకి మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి, మీకు తెలుసా అంది." పులిహోర డబ్బా ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టాడు. "తెలుసన్నా. రోజూ సోఫాలోంచి లేచేటప్పుడు మూలుగుద్ది, ఏడు నెలల్నించీ వింటన్నా అన్నా. అని, ఇంక కార్లో కూర్చోబుద్ధి కాలా."

"ఎక్కడన్నా ఆయాసం వచ్చిందా? నొప్పి?"

"వస్తే ఆగా. ప్రతి మెట్టుకీ బొట్టుంది గదా, అది లెక్కపెట్టుకుంటా వచ్చా. లోపల కొట్టుకునేది లెక్కపెట్టడం మర్చిపోయా." తరవాత నా వైపు తిరిగాడు. "మూడు వందల అరవై అయిదు అన్నావు గదా బావా. మెట్లు సరిపోయినయ్యి. బొట్లే మూడు వందల అరవై మూడు. రెండు తగ్గినయ్యి."

"ఒకటి కుక్కకి పెట్టా," అంది అక్క.

"రెండోది?"

అక్క కొబ్బరికాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎక్కడ కొట్టాలని ఆయన అడిగితే, "ఎక్కడైనా కొట్టండి, ఈడ పద్ధతి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు," అంది నన్ను చూడకుండా. మూడో దెబ్బకి పగిలింది. తోపుడు బండి అమ్మాయి తిరిగి వస్తూ ఒక ముక్క తీసుకుని, ఇది దేనికని అడిగింది. చెప్పే పని అక్కకే వదిలి నేను పులిహోర డబ్బా మూత తీశాను. ముగ్గురం పులిహోర తిన్నాం. బావ ద్రాక్షతోట వైపు చూస్తూ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తినడం అయ్యాక అక్క నా సంగతి తేల్చింది. "నువ్వు చెప్పింది అబద్ధం. ఆ పాపం నీది. ఎక్కింది నేను. అది నాది. తిరుమల మొక్కు మాత్రం అట్టాగే ఉంది, ఇది దానికి చెల్లదు. ఇద్దరం పోవాలి."

"నేను పోయి కారు పై కార్ పార్కుకి తెస్తా. మీరిద్దరూ ఈ చదును దారిన నిదానంగా వచ్చేయండి," అన్నాను. నాకు చేతనైన ప్రాయశ్చిత్తం అదే.

"వద్దు," అన్నాడు బావ లేస్తూ. "మెట్ల మీదనే పోదాం. రెండు మిగిలినయ్యి."

కప్పులు ఈసారి ఆయనే తీసుకున్నాడు. నేను ముందు, మధ్యలో బావ, వెనక అక్క, ఆయన చొక్కా అంచు పట్టుకుని. కుక్క మెట్టు దగ్గర ఆయన ఆగాడు. తెల్ల వెంట్రుకలు నాలుగు ఇంకా రాతికి అంటుకుని ఉన్నాయి. "దానికి ముట్టింది, ఇది వదిలెయ్యండి," అంది అక్క. వదిలేశాడు.

ఇంకా చాలా దిగాక మళ్ళీ ఆగాడు. "ఇదే. ఎక్కేటప్పుడు తొంభై నాలుగు."

మెట్టు మీద బొట్టు లేదు. పక్కన రాతి మీద మాత్రం పసుపు పెద్ద మరకగా ఒలికి ఉంది.

"ఈడ ఏం జరిగింది?"

అక్క చెట్ల వైపు చూసింది. నేను చెప్పాను. "అక్క మోకాలు మడత పడింది బావా. కూలబడిపోయింది. దిగిపోదామంటే వినలేదు."

ఆయన ఆ మరకను చాలాసేపు చూశాడు. ఏడు నెలలుగా ఆయన వంగి బూట్ల తాళ్ళు కూడా కట్టుకోలేదు. ఛాతీ ఎముక విచ్చుకుంటుందని భయం. రోజూ అక్కే కింద కూర్చుని కట్టేది. ఆ రోజు పొద్దున కట్టింది కూడా తనే. ఆయన ఎడమ చేత్తో ఇనప కమ్మీ పట్టుకున్నాడు. ఒక మెట్టు కిందికి దిగి, తిరిగి, నెమ్మదిగా వంగాడు. వేలితో పసుపు రాశాడు. ఎక్కువైంది, మళ్ళీ సర్దాడు. దాని మీద కుంకుమ చుక్క పెట్టాడు. అలాగే వంగి, ఆరుతున్న రంగును చూస్తూ ఉండిపోయాడు.

నేను చేయి అందించబోతే అక్క వద్దన్నట్టు తల ఊపింది.

"లేవగలరా?" అంది.

"ఉండవే, లేస్తున్నా," అన్నాడు బావ.